ఢిల్లీ ఆంధ్రాభవన్ క్యాంటీన్: మా సోమవారం భోజనం

మోర్మన్ (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) మిషనరీగా ఢిల్లీలో ఉన్నప్పుడు సోమవారమే మాకు కాస్త తీరిక. బట్టలుతకడం, సరుకులు, ఇంటికి వీడియో కాల్ (2019కి ముందైతే వారం వారం ఫోన్లు లేవట, పాపం సీనియర్లు!). మధ్యాహ్నం ఆంధ్రాభవన్ క్యాంటీన్.

తెల్లచొక్కా, టై, నల్ల నేమ్‌బ్యాడ్జితో నిలబడితే బీమా ఏజెంట్లనుకునేవారు. స్టీలు పళ్లెంలో వేడన్నం, కందిపొడి, పైన నెయ్యి, పప్పు అడిగినంత. ఊరగాయకి రాజమండ్రివాణ్ణి నాకే కళ్లు చెమర్చాయి, నాతో ఉండే మిజోరం కుర్రాడు మాత్రం మారు వేయించుకున్నాడు.

మా మతనియమం ప్రకారం కాఫీ, టీ మేం ముట్టం కాబట్టి ఫిల్టర్ కాఫీ సంగతి చెప్పలేను. అందరూ లొట్టలేసే ఆదివారం బిర్యానీ కూడా అంతే, ఆదివారం మాకు విశ్రాంతి దినం, ఆ రోజు మేం డబ్బిచ్చి ఏదీ కొనం. జనం ఎక్కువ, కాస్త పెందలాడే వెళ్లండి.