లండన్‌లో టికెట్ లేని మ్యూజియాలు: నల్లగొండ, పాలమూరు నుంచి పోయేవాళ్లకు

లండన్‌లో గది అద్దె నుంచి కప్పు కాఫీ దాకా అన్నీ మండిపోయే ధరలే. అదే ఊళ్లో ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియాల్లో కొన్నింటికి టికెట్ లేదు. పిల్లలు చదువుకో, ఉద్యోగానికో అక్కడ ఉంటే చూసి రావడానికి మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల నుంచి వెళ్లే తల్లిదండ్రులకు ఇది పనికొచ్చే సంగతి. పొద్దున పిల్లలు డ్యూటీకి పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునే బదులు రోజుకో మ్యూజియం చూడొచ్చు.

మార్కులు ముందే చెప్పేస్తాం. వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియానికి ఐదుకు ఐదు. బ్రిటిష్ మ్యూజియానికి నాలుగు. నేచురల్ హిస్టరీ మ్యూజియానికి మూడు, అది కూడా సెలవుల్లో వెళ్లకపోతేనే.

ముందు ఈ ఉచితం ఎంతవరకో చూద్దాం. 2001 డిసెంబర్ నుంచి అక్కడి జాతీయ మ్యూజియాల్లో శాశ్వత ప్రదర్శనలకు ప్రవేశ రుసుము లేదు. ఏ దేశం వాళ్లని అడగరు, పాస్‌పోర్టు చూపించమనరు. మన సాలార్‌జంగ్‌లో ఉన్నట్టు విదేశీయులకు వేరే రేటు లేదు. డబ్బు కట్టాల్సింది కొన్ని నెలల పాటు పెట్టే ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రమే. లోపలికి వెళ్లగానే విరాళం డబ్బా కనిపిస్తుంది. వేస్తే సంతోషం, వేయకపోతే ఎవరూ ఏమీ అనరు. ఆన్‌లైన్‌లో ఉచిత టికెట్ తీసుకునేటప్పుడు కూడా మధ్యలో విరాళం అడిగే పేజీ వస్తుంది. వద్దనుకుంటే దాటేసి ముందుకు పోవచ్చు.

చాలామంది పైసలు పోగొట్టుకునేది ఈ బుకింగ్ దగ్గరే. మ్యూజియం పేరు కొట్టి వెతికితే పైన వచ్చేవి తరచు ప్రకటనలు. 'క్యూ లేకుండా ప్రవేశం' అని ఇరవై, ముప్పై పౌండ్లు అడిగే సైట్లు అమ్మేది గైడ్ సేవను, ప్రవేశాన్ని కాదు. మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లో టైమ్ స్లాట్ ఎంచుకుని బుక్ చేస్తే ఖర్చు సున్నా. బుకింగ్ లేకుండా వెళ్లినా లోపలికి పంపుతారు కానీ, జనం ఉన్న రోజు సెక్యూరిటీ లైన్‌లో ముందు స్లాట్ ఉన్నవాళ్లనే వదులుతారు. సంచులు తెరిచి చూస్తారు. చక్రాల సూట్‌కేసును బ్రిటిష్ మ్యూజియంలోకి రానివ్వరు కాబట్టి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా అటే పోదామనుకుంటే కుదరదు.

మన ప్రాంతం వాళ్లు మొదట చూడాల్సింది బ్రిటిష్ మ్యూజియంలోని 33ఏ గది. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసు చేర్చిన పలకల్లో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ పోయాయి. 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లాంచీలో నాగార్జునకొండకు పోయి అక్కడి మ్యూజియం చూసినవాళ్లకు ఆ రాయిని చూడగానే పోలిక తెలుస్తుంది. రెండు చోట్లా వాడింది లేత పచ్చ చాయ ఉన్న పలనాటి సున్నపురాయే. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన శిల్పాలదీ ఇదే కుదురు. వాటిలో కొన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు కూడా వెళ్లొచ్చాయి.

గదిలో తొందరపడి ఫొటోలు తీసుకుని వచ్చేస్తే ఏమీ మిగలదు. రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది, దాని దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఒక వైపు పని క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం నాటిది. బోధి చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ దండం పెట్టేవాళ్లు. ఆసనం మీద మనిషి ఉండడు, అప్పటికి బుద్ధుణ్ణి రూపంలో చూపించే ఆచారం అక్కడ రాలేదు. సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి వెనక వైపు మొత్తం స్తూపాన్నే చెక్కారు. ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, అండం (స్తూపపు గుమ్మటం) మీద అల్లుకున్న అలంకారం అన్నీ అందులో ఉన్నాయి. అసలు స్తూపం ఇటుక ఇటుకా పోయినా అది నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో తెలిసేది ఇలాంటి పలకల వల్లే. ప్రాకారపు కంబాల మీద పద్మాల పక్కకు వంగి చూస్తే ఉలి ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది. ఎదురుగా నిలబడితే అది కనిపించదు.

ఇక్కడే మ్యూజియానికి ఒక మార్కు తగ్గించాం. 33ఏ గది దారిలో తగలదు. చైనా, దక్షిణాసియా వస్తువులున్న 33వ పొడవాటి గదిలో దక్షిణాసియా కొస దాకా పోవాలి. ముందు గేటు గ్రేట్ రస్సెల్ స్ట్రీట్‌లో ఉంది, జనమంతా అటే వస్తారు. వెనక మాంటేగ్ ప్లేస్ గేటు నుంచి వస్తే 33 దగ్గర, లైన్ కూడా చాలాసార్లు చిన్నది. ఆ రోజు ఏ గదులు మూసి ఉన్నాయో వెబ్‌సైట్‌లో పెడతారు. సిబ్బంది చాలకపోయినా కొన్ని గదులు మూస్తారు కాబట్టి పొద్దున ఒకసారి చూసుకుని బయలుదేరండి. అమరావతి కోసమే పోయి అద్దం బయటి నుంచి చూసి రావడం ఎవరికైనా కష్టమే.

టైం విషయానికొస్తే, రోజూ ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు. శుక్రవారం రాత్రి 8:30 దాకా తెరిచి ఉంటుంది, అదే అన్నిటికన్నా మంచి సమయం. స్కూలు పిల్లల గుంపులు వెళ్లిపోయి ఉంటాయి. పిల్లలు ఆఫీసు నుంచి నేరుగా వచ్చి మీతో కలవొచ్చు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు హోల్బర్న్ స్టేషన్‌లో దిగొద్దు, అక్కడ లిఫ్టు లేదు. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగండి, ప్లాట్‌ఫాం నుంచి రోడ్డు దాకా లిఫ్టులున్నాయి. ఇల్‌ఫర్డ్‌లో ఉండేవాళ్లకు ఎలిజబెత్ లైన్ నేరుగా అక్కడికే వస్తుంది. ఈస్ట్‌హామ్ నుంచైతే డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి మైల్ ఎండ్‌లో అదే ప్లాట్‌ఫాం అవతలి వైపు సెంట్రల్ లైన్‌కు మారాలి, మెట్లెక్కే పని లేదు. హౌన్స్‌లో వాళ్లకు పికడిల్లీ లైన్ ఉంది. అది సౌత్ కెన్సింగ్టన్ మీదుగా పోతుంది, మిగతా మ్యూజియాలు అక్కడే.

కార్డు సంగతి కూడా జాగ్రత్త. ట్యూబ్‌లో, అంటే భూగర్భ రైల్లో, ఎక్కేటప్పుడూ దిగాకా రెండుసార్లు టచ్ చేయాలి, బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారే. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు ఫోను పెడితే రెండు వేర్వేరు ప్రయాణాలుగా లెక్కపడి ఎక్కువ కోత పడుతుంది. అమ్మానాన్నలిద్దరూ ఒకే కార్డు మీద పోవడం కూడా కుదరదు, ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి. బస్సుల్లో నోట్లు, చిల్లర తీసుకోరు. మొదటి బస్సు ఎక్కిన గంటలోపు అదే కార్డుతో ఇంకో బస్సెక్కితే మళ్లీ ఛార్జీ పడదు.

సౌత్ కెన్సింగ్టన్‌లో స్టేషన్ నుంచి మ్యూజియాల దాకా భూగర్భ నడకదారి ఉంది, వాన పడ్డా తడవరు. వీ అండ్ ఏ, నేచురల్ హిస్టరీ, సైన్స్ మ్యూజియం మూడూ పక్కపక్కనే ఉన్నాయని ఒకే రోజు మూడూ చుట్టేద్దామనుకుంటారు. అది మాత్రం చేయొద్దు. రెండో దాని సగానికే కాళ్లు పట్టేస్తాయి, మూడోదాంట్లో బెంచీలు వెతుక్కోవడమే పనవుతుంది. ఒకటి పెట్టుకోండి చాలు, అది వీ అండ్ ఏ అయితే మేలు. రోజూ 10 నుంచి 5:45 వరకు, శుక్రవారం రాత్రి 10 దాకా. బట్టలు, నగలు, ఇనుప పని, గాజు పని, మనిషి చేతి పనికి సంబంధించి లేనిదంటూ లేదు. గద్వాల, నారాయణపేట, పుట్టపాక మగ్గాలు తెలిసినవాళ్లకు బట్టల దగ్గర పూట గడిచిపోతుంది. ఉచితంగా తిప్పి చూపించే గైడ్ టూర్లున్నాయి, లోపల తోటలో కూర్చోవచ్చు. టిప్పు పులి (టిప్పు సుల్తాన్ కొయ్య పులి బొమ్మ) కోసం పోయేవాళ్లు ఆ రోజు అది ప్రదర్శనలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. గ్యాలరీలు మరమ్మతులకు మూసినప్పుడు వస్తువులు చోటు మారుతుంటాయి.

వీ అండ్ ఏకు ఐదు మార్కులు పడింది నిజానికి ఇంకో చోటు వల్ల. 2025 మే 31న స్ట్రాట్‌ఫర్డ్ వైపు ఒలింపిక్ పార్కులో వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ తెరిచారు. అది వాళ్ల గోదాము, దాన్నే జనానికి తెరిచారు, ప్రవేశం ఉచితం. ఆన్‌లైన్ జాబితాలో మీకు కావలసిన వస్తువులు ఐదు దాకా ఎంచుకుని, కనీసం రెండు వారాల ముందు అపాయింట్‌మెంట్ పెట్టుకుంటే, వాటిని బయటికి తీసి బల్ల మీద పెట్టి చూపిస్తారు. దీనికీ పైసా తీసుకోరు. కోరమండల్ తీరపు కలంకారీ బట్టలు వీ అండ్ ఏ దగ్గర చాలా ఉన్నాయి. నేత పని తెలిసిన మనిషిని వెంట తీసుకుపోతే అద్దం పెట్టె అడ్డం లేకుండా పోగు పోగూ చూసుకోవచ్చు. ఇక్కడి నుంచి బయలుదేరేముందే అపాయింట్‌మెంట్ పెట్టుకోవడం మంచిది, అక్కడికి పోయాక పెడితే తిరుగు ప్రయాణం లోపు దొరక్కపోవచ్చు.

నేచురల్ హిస్టరీ గురించి రెండు ముక్కలు చాలు. హాల్లో పైనుంచి వేలాడే 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం చూసి తీరాలి. డైనోసార్ల వైపు మాత్రం శని, ఆదివారాల్లో, స్కూలు సెలవుల్లో జాతరే. మనవళ్లు పట్టుబడితే మామూలు రోజు పొద్దున తెరిచే వేళకు పోండి.

తిండికి అయ్యే ఖర్చే అసలు ఖర్చు. లోపలి కేఫ్‌లో ఇద్దరు తింటే రోజు బస్సు ఛార్జీలన్నీ దాటిపోతుంది. పులిహోర డబ్బా కట్టుకుపోండి. బ్రిటిష్ మ్యూజియం పక్కనే రస్సెల్ స్క్వేర్ పార్కులో కూర్చుని తినొచ్చు. నేచురల్ హిస్టరీలో, సైన్స్ మ్యూజియంలో తెచ్చుకున్నది తినడానికి చోటు ఇచ్చారు. బాత్రూములన్నీ ఉచితం, శుభ్రంగా ఉంటాయి. లండన్ నడిబొడ్డున ఇది చిన్న సౌకర్యం కాదు.

కోహినూర్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే ఆ వజ్రం లండన్ టవర్‌లో కిరీటానికి ఉంది. టవర్ జాతీయ మ్యూజియం కాదు కాబట్టి ఒక్కొక్కరికి ముప్పై పౌండ్లు దాటిన టికెట్. మన ఒడ్డుది చూసొచ్చామనిపించుకోవాలంటే పెట్టుకోండి. శిల్పాలకు ఇచ్చిన టైం అక్కడ దొరకదు, కదిలే బెల్టు మీద నిలబడి దాటిపోవాల్సిందే. డిసెంబర్‌లో పోయేవాళ్లు 24 నుంచి 26 వరకు మ్యూజియాలేవీ పెట్టుకోవద్దు. 25న ట్యూబూ నడవదు, బస్సూ నడవదు.