పాత రికార్డులు స్కానింగుకి ఇస్తున్నారా? మా 46 పెట్టెల సంగతి చదివి ఇవ్వండి

చెన్నైలో సంఘమో, ట్రస్టో, హాస్టలో నడుపుతూ పాత కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిద్దామనుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. కంపెనీ పేరు రాయను, వాళ్లతో డబ్బు గొడవ ఇంకా తేలలేదు.

మా సంఘం ఆఫీసు సైదాపేటలో, కింది అంతస్తులో. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు బీరువా కింది రెండు అరలు మునిగాయి. చందా రసీదులు అట్టల్లా అతుక్కుపోయాయి. అప్పట్నుంచీ ప్రతి మీటింగులో స్కానింగు మాటే. చివరికి ఒకాయన దొరికాడు. పేజీకి 90 పైసలు, "పేరు కొడితే క్షణంలో వస్తుంది సార్" అన్నాడు. 46 పెట్టెలు వ్యాన్ ఎక్కించాం. ఏ పెట్టెలో ఎన్ని కాగితాలున్నాయో రాసుకోలేదు. అది మా తప్పే.

బిల్లు అనుకున్నదానికి రెట్టింపు వచ్చింది. రేటు కాగితానికి కాదట, ఇమేజికట. వెనకవైపు ఖాళీగా ఉన్నా అదీ ఒక ఇమేజే. సరేలెమ్మని కట్టాం.

తర్వాత హాస్టల్ స్థలం విషయంలో 1987 నాటి తీర్మానం ఒకటి కావలసి వచ్చింది. సెర్చ్‌లో ఎన్ని రకాలుగా కొట్టినా రాలేదు. టైపు చేసిన ఇంగ్లీషు కాగితాలకే అది పనిచేస్తోంది. పాత చేతిరాత తెలుగు ఓసీఆర్‌కి, అంటే బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కి, సరిగా అందదు, మనిషి కూర్చుని ఇండెక్సు కొట్టాల్సిందే. కొట్టిన కుర్రాళ్లకి తెలుగు రాదు. పాపం, వాళ్లననేం లాభం, రోజుకిన్ని ఎంట్రీలని లెక్క వాళ్లకి. ఒక్క లక్ష్మినే ఇంగ్లీషులో చివర ఐ పెట్టి ఒకచోట, వై పెట్టి ఇంకోచోట, రెండు ఈలు పెట్టి మరోచోట ఎక్కించారు. అంతకంటే విచిత్రం ఇనీషియల్. మనకది ఇంటిపేరు, తమిళులకి తండ్రి పేరు. దాంతో మా సభ్యుల ఇంటిపేర్లన్నీ 'తండ్రి పేరు' గడిలోకి వెళ్లిపోయాయి. ఇలా ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా అన్నదమ్ములైపోయిన రిజిస్టరు మాది!

తీర్మానాల పుస్తకాలు గట్టి బైండువి. మిషన్లో పట్టాలని కుట్టు వైపు బ్లేడుతో కోసేశారు. ఫైలు సైజు తగ్గుతుందని నలుపు తెలుపులో స్కాన్ చేయడంతో ఊదారంగు సీళ్లు, పెన్సిల్ రాతలు మాయమయ్యాయి. కలర్లో, 300 డీపీఐకి (అంగుళానికి ఎన్ని చుక్కలనే లెక్క, ఎక్కువుంటే స్పష్టత ఎక్కువ) తగ్గకుండా, బైండు కోయకుండా అని ముందే రాయించుకోండి. ఒక్క పెట్టె శాంపిల్ చేయించి, ఒరిజినల్ పక్కన పెట్టి చూసుకున్నాకే మిగతావి ఇవ్వండి.

ఏడాది తిరగ్గానే సాఫ్ట్‌వేర్ రెన్యువల్ అన్నారు. కట్టకపోతే లాగిన్ ఆగిపోతుందట. మా ఫైళ్లు మాకిచ్చెయ్యమంటే ఒక హార్డ్ డిస్కు చేతిలో పెట్టారు. తెరిస్తే ఒకే ఫోల్డరు, అందులో ఒట్టి నంబర్లు. ఏ నంబరు ఏ కాగితమో చెప్పే ఇండెక్సు వాళ్ల డేటాబేసులోనే ఉంది, దానికి వేరే కొటేషన్! అగ్రిమెంటులో ఈ మాట ఒక్క లైనులో ఉంది, మేమెవరం చదవలేదు. ఫైళ్లు పీడీఎఫ్-ఏ (ఏళ్ల తరబడి దాచుకోవడానికి చేసిన పీడీఎఫ్ రకం) రూపంలో, ఇండెక్సు మామూలు ఎక్సెల్ షీటుగా చేతికొచ్చాకే చివరి వాయిదా ఇస్తామని మీరు రాయించుకోండి.

ఇంకొకటి. "స్కానయ్యాక కాగితాలు మేమే ముక్కలు చేసేస్తాం, ఫ్రీ" అన్నాడు. మా ట్రెజరర్ గారు ససేమిరా అన్నారు కాబట్టి బతికిపోయాం. స్కాన్ కాపీ కోర్టులో ఒరిజినల్‌తో సమానం కాదని మా లాయరు గారు తర్వాత చెప్పారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే సర్టిఫికెట్లో ఫైలు హ్యాష్ విలువ (ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే గుర్తు సంఖ్య) కూడా రాయాలట. ఆ మాట అడిగితే కంపెనీ ఆయన "హ్యాషా, అదేంటి సార్?" అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు ముగ్గురం కూర్చుని పెట్టెలు తిరగేస్తూ ఇండెక్సు మళ్లీ రాసుకుంటున్నాం. 1987 పుస్తకం పదకొండో పెట్టెలో దొరికింది. సీలు నిక్షేపంలా ఉంది. కుట్టు పక్కన ఉండాల్సిన అక్షరాలే లేవు.