సముద్రంతో సరిపెట్టుకోవడమా, లవణాన్ని అదుపు చేయడమా?

నీటిలో బతికే జీవికి రెండు దారులున్నాయి: దేహద్రవాల గాఢతను చుట్టూ ఉన్న నీటితో సమానంగా ఉంచుకోవడం, లేదా బయట నీరు ఎలా ఉన్నా తన గాఢతను తానే నిలుపుకోవడం. నక్షత్ర చేపలు, జెల్లీ చేపలు మొదటి దారిని, ఎముకల చేపలు రెండవ దారిని ఎంచుకున్నాయి.

ఖర్చు: మొదటి పద్ధతిలో శక్తి వ్యయం స్వల్పం, రెండవదానిలో అది నిరంతరం.

శ్రమ: అసలు తేడా ఇక్కడే ఉంది. సముద్రపు ఎముకల చేప రక్తగాఢత సముద్రజలంలో సుమారు మూడో వంతే కాబట్టి, ద్రవాభిసరణ (పలుచని పొర గుండా నీరు తక్కువ గాఢత వైపు నుంచి ఎక్కువ గాఢత వైపుకు కదలడం) వల్ల దాని దేహంలోని నీరు మొప్పల గుండా బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి అది ఉప్పునీటినే తాగి, అదనపు సోడియం, క్లోరైడ్‌లను మొప్పల్లోని ప్రత్యేక కణాల ద్వారా, మెగ్నీషియం, సల్ఫేట్‌లను మూత్రం ద్వారా విసర్జిస్తుంది. మంచినీటి చేప వ్యవహారం దీనికి తలకిందులు: లోపలికి చొరబడే నీటిని పలుచని మూత్రంగా ధారాళంగా వదిలేస్తూ, మొప్పలతో లవణాలను లోపలికి లాక్కుంటుంది.

మధ్యేమార్గం సొరచేపది. రక్తంలో యూరియాను (మూత్రంలో ఉండే వ్యర్థ పదార్థం) నిల్వ చేసుకుని అది గాఢతలో సముద్రంతో దాదాపు సమానమవుతుంది. నా దృష్టిలో ఇదే అన్నింటికన్నా తెలివైన ఏర్పాటు.

ముప్పు: లవణీయత బాగా పడిపోతే సరిపెట్టుకునే జీవుల కణాలు ఉబ్బుతాయి. నక్షత్ర చేపల వర్గంలో ఒక్క జాతి కూడా మంచినీటిలో స్థిరపడలేదు.

లవణీయత పెద్దగా మారని బహిరంగ సముద్రంలో మొదటి పద్ధతి చాలు. నదులకూ సముద్రానికీ మధ్య తిరిగే సాల్మన్, ఈల్ చేపల వంటి వాటికి మాత్రం రెండవదే తప్పనిసరి.