హార్బర్ లెక్కల యాప్‌కు రెండర్ క్లౌడ్ హోస్టింగ్: ఒక సమీక్ష

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల కమీషన్ వ్యాపారం చేసే ఒక కుటుంబం కోసం తయారుచేసిన చిన్న లెక్కల యాప్‌ను మేము ఇంటర్నెట్ ద్వారా సర్వర్లను అద్దెకిచ్చే రెండర్ అనే క్లౌడ్ వేదిక మీద నడుపుతున్నాము. ఏ బోటు ఎంత సరుకు దించింది, పాటలో ఏ రకం చేప కిలో ఏ ధర పలికింది, ఐసు, డీజిల్ ఖర్చులు పోను బోటు యజమానికి ఎంత ముట్టాలి అన్నవే అందులోని వివరాలు. వెబ్ యాప్‌లు తయారుచేసే జాంగో అనే సాధనంతో రాసిన యాప్, వెనుక వివరాలు దాచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. అంతకు మించి హంగులేమీ లేవు. సర్వర్‌ను చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషిని పెట్టుకోలేని ఇలాంటి పనికి రెండర్ చక్కగా సరిపోతుందన్నది నా అభిప్రాయం. అయితే ఉచిత ప్లానును నమ్ముకుని మాత్రం దిగకూడదు.

యాప్‌ను ఎక్కించడం సులువే. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లోని మన రిపాజిటరీని (కోడ్ ఫోల్డరును) జతచేసి, అందులోని ఏ బ్రాంచి (కోడ్ శాఖ) నుంచి కోడ్ తీసుకోవాలో చెప్పి, యాప్‌ను సిద్ధం చేసే బిల్డ్ కమాండ్, నడిపించే స్టార్ట్ కమాండ్ అనే రెండు గడులు నింపితే, అటుపైన ఆ బ్రాంచికి కోడ్ పుష్ చేసిన (పంపిన) ప్రతిసారీ కొత్త డిప్లాయ్, అంటే కొత్త కోడ్‌ను సర్వర్ మీదికి ఎక్కించడం, దానంతట అదే మొదలవుతుంది. యాప్ 0.0.0.0 చిరునామా మీద, పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట పెట్టే సెట్టింగులో) ఉన్న నంబరు మీద రిక్వెస్టులు అందుకునేలా ఉండాలి. మనం మార్చకపోతే ఆ నంబరు 10000. సొంత డొమైన్‌కు (వెబ్ చిరునామాకు) రాకపోకలను భద్రంగా ఉంచే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ ఉచితంగానే వస్తుంది, గడువు తీరేలోగా దానంతట అదే రెన్యూ అవుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది హెల్త్ చెక్ ఏర్పాటు. కొత్త కోడ్ లేచి సరిగా జవాబిస్తున్నదని తేలిన తరువాతే వాడకందారుల రిక్వెస్టులు దానివైపు మళ్లుతాయి, అంతవరకు పాతదే పనిచేస్తుంది. అందువల్ల పాట జరుగుతుండగా తప్పనిసరై ఏదైనా సవరణ పంపవలసి వచ్చినా గుమాస్తా చేతిలోని ఫోను మొరాయించదు. అంతకుముందు మేము వాడిన వేరొక హోస్టింగ్‌లో ఫైళ్లను ఒక్కొక్కటిగా ఎక్కించుకునే వాళ్లం. సగం కొత్తవి, సగం పాతవి ఉన్న ఆ కొద్ది నిమిషాలూ ప్రాణం అరచేతిలో పెట్టుకున్నట్టు ఉండేది.

ఉచిత ప్లాను సంగతికి వస్తే, 15 నిమిషాల పాటు ఎవరూ తెరవని యాప్‌ను రెండర్ నిద్రపుచ్చుతుంది, మళ్లీ ఎవరైనా తెరిచినప్పుడు అది లేవడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. ఈ షరతును సంస్థ ముందే స్పష్టంగా చెబుతుంది కాబట్టి తప్పు పట్టడానికి లేదు. కాని హార్బర్‌లో పాట తెల్లవారకముందే మొదలవుతుంది. ఆ వేళలో ఒక నిమిషమంటే వంజరాల కుప్ప ఒకటి పాట ముగిసి బుట్టల్లోకి ఎక్కేసేంత సమయం. పైగా ఉచిత పోస్ట్‌గ్రెస్‌కు 30 రోజుల గడువు ఉంటుంది, అది లెక్కల పుస్తకానికి పనికివచ్చే ఏర్పాటు కాదు. నెలకు 7 డాలర్ల స్టార్టర్ ప్లానులో యాప్ నిద్రపోదు, మెమరీ 512 ఎంబీ ఇస్తారు. డేటాబేస్ ఖర్చు వేరు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసింది గడియారం. చాలా క్లౌడ్ వేదికల లాగే ఇక్కడ కూడా సర్వర్ యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక కాలమానంలో ఉంటుంది, అక్కడ అర్ధరాత్రి దాటేటప్పుడు మనకు ఉదయం 5:30 అవుతుంది. ఆఫీసు పనుల యాప్ అయితే ఆ వేళకు ఎవరూ లాగిన్ కారు గనుక ఈ తేడా బయటపడదు. హార్బర్‌లో సరిగ్గా అప్పుడే పాట జోరందుకుంటుంది. తేదీని సర్వర్ గడియారం నుంచి నేరుగా తీసుకుంటే 5:20కి పాడిన చందువలు నిన్నటి ఖాతాలోనూ, 5:40కి పాడిన రొయ్యలు నేటి ఖాతాలోనూ పడి, ఒకే బోటుకు రెండు పట్టీలు తయారవుతాయి. భారత కాలమానానికి ఆధారమైన రేఖాంశం మనకు పక్కనే కాకినాడ దగ్గరగా పోతున్నప్పటికీ ఆ మాట సర్వర్‌కు మనమే చెప్పాలి. జాంగో సెట్టింగుల్లో టైమ్ జోన్‌ను ఏషియా/కోల్‌కతాగా పెట్టి, నేటి తేదీని జాంగోలోని లోకల్‌డేట్ అనే ఫంక్షన్ ద్వారా తీసుకుంటే చిక్కు తీరుతుంది. నిర్ణీత వేళకు వాటంతటవే నడిచే క్రాన్ జాబులకు మాత్రం యూటీసీ లెక్కే వర్తిస్తుంది. ఉదయం 11 గంటలకు పట్టీలు పంపాలంటే అక్కడ 5:30 అని రాయాలి.

రెండర్‌కు భారతదేశంలో రీజియన్ (సర్వర్లు ఉండే ప్రాంతం) లేదు, ఉన్నవాటిలో విశాఖకు దగ్గరిది సింగపూర్. సర్వీసు సృష్టించిన తరువాత రీజియన్ మార్చడానికి వీలుండదు కాబట్టి మొదటి తెర దగ్గరే నిదానించి, డేటాబేస్‌ను కూడా సింగపూర్‌లోనే పెట్టుకోవాలి. అప్పుడే రెండూ లోపలి నెట్‌వర్క్ ద్వారా మాట్లాడుకుంటాయి. గుమాస్తా తీసిన పట్టీల ఫొటోలను యాప్ ఫోల్డరులో దాచకూడదు, ప్రతి డిప్లాయ్‌కూ ఆ ఫోల్డరు ఖాళీ అవుతుంది. విడిగా డబ్బు కట్టి డిస్కు తగిలించుకోవచ్చు గాని, అలా చేస్తే పాతది ఆగకుండా కొత్తది లేచే సౌకర్యం పోతుంది. అందుకే ఫొటోలను మేము వేరే ఆబ్జెక్ట్ స్టోరేజిలో, అంటే ఫైళ్లను విడిగా దాచే ఆన్‌లైన్ నిల్వలో, ఉంచుతున్నాము.

బిల్లు డాలర్లలో వస్తుంది, దాని మీద బ్యాంకు విదేశీ మారక రుసుము కూడా పడుతుంది. ఊరట ఏమిటంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఉన్న 61 రోజులూ వెబ్ సర్వీసును సస్పెండ్ చేసుకుంటే దానికి అద్దె పడదు, డేటాబేస్‌కు మాత్రం కట్టవలసిందే. విశాఖలో గూగుల్ భారీ డేటా సెంటర్ నెలకొల్పుతామని 2025 అక్టోబరులో ప్రకటించింది గాని, హార్బర్ లెక్కలు ప్రస్తుతానికి సింగపూర్ వెళ్లి రావలసిందే. డేటా దేశం దాటకూడదన్న నిబంధన ఉన్నవారు రెండర్ జోలికి పోకుండా, ముంబయిలోనో హైదరాబాద్‌లోనో రీజియన్ ఉన్న అమెజాన్ వెబ్ సర్వీసెస్ లాంటి వేదికను చూసుకోవడం మంచిది. అక్కడ ఏర్పాట్లు చేసుకోవడానికి తెలిసిన మనిషి కావాలి.