పెన్నా మాగాణా, వెలిగొండ మెట్టా: ఏది మేలు?

నవంబరులో కోవూరు పొలాల్లో వరినాట్లకు సన్నాహాలు సాగుతుంటే, అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉదయగిరి పరిసరాల్లో రైతు తన బోరు ఎన్ని అంగుళాల నీరు పోస్తుందోనని చూసుకుంటూ ఉంటాడు. రెండూ నెల్లూరు జిల్లాలోనివే. ఉత్తరాన పాత ప్రకాశం జిల్లాలోని పామూరు, కనిగిరి ప్రాంతాలు కూడా ఈ మెట్టకు కొనసాగింపే. సేద్యానికైనా, నివాసానికైనా వీటిలో ఏది మేలో తేల్చాలంటే ముందు గాలి లెక్క చూడాలి.

నైరుతి రుతుపవనాలు మనకు పెద్దగా కలిసిరావు. అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలులు పడమటి కనుమలను ఎక్కేటప్పుడే తేమను చాలావరకు కురిపించి, దక్కన్ పీఠభూమిని దాటి వెలిగొండల మీదుగా ఇటు దిగేసరికి పొడిబారిపోతాయి. అక్టోబరులో భూభాగం చల్లబడి గాలులు ఈశాన్యానికి తిరిగినప్పుడు, అవి బంగాళాఖాతంలో తేమను నింపుకొని నేరుగా మన తీరాన్ని తాకుతాయి. పాత హద్దుల ప్రకారం నెల్లూరు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 1,080 మిల్లీమీటర్లు కాగా, అందులో 60 శాతం దాకా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. ప్రకాశంలో మొత్తమే సుమారు 870 మిల్లీమీటర్లు, అదీ రెండు రుతుపవనాల మధ్య దాదాపు సగం సగంగా చీలిపోతుంది. తీరం నుంచి పడమరకు వెళ్లే కొద్దీ ఈశాన్యపు వాన పలచబడుతుంది కనుక, మెట్ట రైతుకు ఏ రుతుపవనమూ పూర్తిగా తనది కాదు.

దీనికి తోడు మాగాణికి పెన్న ఉంది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన ఈ నది సోమశిల దగ్గర కొండల నడుమ నుంచి మైదానంలోకి వస్తుంది. దాదాపు 78 టీఎంసీల సోమశిల జలాశయం వల్లనే ప్రధాన పంట తర్వాత కొన్ని సంవత్సరాల్లో ఎడగారు వరి కూడా సాధ్యమవుతోంది. మెట్టలో గట్టి రాతినేల నీటిని నిల్వ చేసుకోదు. కనిగిరి, దర్శి ప్రాంతాల్లో లోతు నుంచి తోడిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండటం మరో శాపం.

ఎండ విషయంలో మాత్రం తీరానిది సులభమైన గెలుపు కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట నెల్లూరు పట్టణానికీ వర్తిస్తుంది. ఆ రోజుల్లో పడమటి గాలి కొండలు దిగుతూ పీడనం పెరిగి మరింత వేడెక్కి, సముద్రపు గాలిని మధ్యాహ్నం దాటేదాకా లోపలికి రానివ్వదు. అది వచ్చాక ఉష్ణోగ్రత తగ్గినా, గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. మెట్టలో ఎండ తీవ్రంగా ఉన్నా గాలి పొడిగా ఉండటంతో నేల రాత్రికి త్వరగా చల్లబడుతుంది. ఆరుబయట మంచం వేసుకొని పడుకోవడానికి ఉదయగిరే హాయి అని నేను ఒప్పుకుంటాను.

ఆ పొడి ఎండను తట్టుకోవడంలో ఒంగోలు జాతి పశువులను మించినవి తక్కువ. తెల్లని పొట్టి వెంట్రుకలు ఎండను తిప్పికొడతాయి, వేలాడే గంగడోలు ఒంటి వేడిని బయటికి వదలడానికి తోడ్పడుతుంది. బ్రెజిల్‌కు తరలిన ఈ జాతిని అక్కడివారు ‘నెలోర్’ అని పిలుస్తారు. ఒంగోలు, నెల్లూరు వాసుల మధ్య ఈ పేరు మీద తగవు ఎప్పటికీ తీరేది కాదు.

ఇక ప్రమాదాల సంగతి. వానను తెచ్చే సముద్రమే తుపానునూ తెస్తుంది. 1989 నవంబరులో కావలి సమీపంలో తీరం దాటిన పెను తుపానును మా తరం మరచిపోలేదు. ఎగువన కురిసిన వానకు కూడా మాగాణే మూల్యం చెల్లించాలి. 2021 నవంబరులో కడప, చిత్తూరు జిల్లాల్లో పడిన కుండపోతతో పెన్న పొంగి పడుగుపాడు వద్ద రైలు కట్టను కోసివేసింది. అయినా తుపాను కొన్ని రోజుల ముందే కబురు పంపుతుంది, తరువాతి పంటకు నేల మిగులుతుంది. కరువు అలా చెప్పిరాదు. వరుసగా రెండేళ్లు వాన తప్పితే మెట్టలో బత్తాయి తోటలే ఎండిపోతాయి, చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

అందువల్ల సేద్యానికి మాగాణే మేలని నా అభిప్రాయం. నల్లమల కింద తవ్విన 18 కిలోమీటర్లకు పైబడిన వెలిగొండ సొరంగాల గుండా కృష్ణా నీరు మెట్ట పొలాలకు చేరిన నాడు ఈ తీర్పును కొంత సవరించుకోవచ్చు. నివాసానికైతే సముద్రపు ఒడ్డున కాకుండా, గాలి అందేంత దూరంలో, పెన్న వరద ఎక్కని మిట్టన ఉన్న ఊరిని ఎంచుకుంటాను. అక్కడైనా స్థలం కొనే ముందు మే నెలలో ఇరుగుపొరుగు బావుల నీటిని తాగి చూడాలి, ఎందుకంటే తీరప్రాంతంలో అతిగా తోడిన చోట ఉప్పునీరు ఇసుక పొరల గుండా లోపలికి జరుగుతుంది, ఆ సంగతి వానాకాలంలో నాలుకకు తెలియదు.