ఒక్క వరుస ఫార్ములాతో సంగీతం: బైట్‌బీట్ చాలాకాలం వాడాక

బైట్‌బీట్ అంటే ఒక్క వరుస లెక్క రాసి కంప్యూటర్ చేత సంగీతం మోగించడం. ముందే చెప్పేస్తాను. ఇదీ 8 బిట్ సంగీతమే కదా అని మారియో, కాంట్రా క్యాసెట్ల నాటి పాటల్లాంటివి చేద్దామని బైట్‌బీట్ దగ్గరికి వస్తే నిరాశ తప్పదు. ఆ వీడియో గేమ్ పెట్టెల్లో 8 బిట్ అన్నది ప్రాసెసర్ సంగతి. ధ్వనికి విడిగా ఛానళ్లు, అంటే ఒక్కో గొంతుకీ ఒక్కో దారి, ఉండేవి, నింటెండో పెట్టెలో అయిదు. ఆ చప్పుడే కావాలంటే ఆ పెట్టెల ధ్వనితో పాటలు కట్టే ఫామీట్రాకర్ లాంటి ప్రోగ్రాం దించుకోండి, హాయిగా ఉంటుంది. ఇక్కడ ఛానళ్లు లేవు, వాయిద్యాలు లేవు. ఉన్నదల్లా ఒక లెక్క.

టి అనే సంఖ్య సెకనుకు 8000 చొప్పున పెరుగుతూ పోతుంది. ఫార్ములా ఇచ్చిన విలువలో చివరి 8 బిట్లు, అంటే 0 నుంచి 255 లోపు సంఖ్య, నేరుగా స్పీకర్‌కి వెళ్తుంది. ఉత్త టి అని రాసినా మోగుతుంది: 255 దాటగానే సున్నాకి పడిపోతుంది కాబట్టి సెకనుకు 31 సార్లు ఎక్కి పడుతూ గుర్రుమంటుంది. టి*2 అంటే పై స్థాయి. (నేను టి అన్నచోటల్లా మీరు ఇంగ్లీషు చిన్నక్షరం t కొట్టాలి.) 2011లో ఫిన్లాండ్‌కి చెందిన విజ్‌నట్ అనే డెమోసీన్ (చిన్న ప్రోగ్రాములతో బొమ్మలూ సంగీతమూ పుట్టించే సరదాగాళ్ల లోకం) ప్రోగ్రామర్, సి భాషలో రాసిన ఇలాంటి ఒక్క వరుస ప్రోగ్రాముల మోతను వీడియోగా పెట్టాక ఇది పాకింది. ఇప్పుడు సి కూడా అక్కర్లేదు, బ్రౌజర్‌లో బైట్‌బీట్ మోగించే పేజీ తెరిస్తే చాలు. పైసా ఖర్చు లేదు.

కొత్తవాళ్లు మొదట వేసి చూడాల్సింది టి*(42&టి>>10). నన్ను ఇందులో కట్టిపడేసింది ఇదే. ఇందులో >>10 అంటే చివరి 10 బిట్లు కొట్టేయడం, & అంటే రెండు సంఖ్యల్లోనూ 1 ఉన్న చోట్లే 1 ఉంచడం. 42ని ద్విసంఖ్యలో (0, 1 మాత్రమే వాడే లెక్కలో) రాస్తే 101010. టి>>10 సెకనులో దాదాపు ఎనిమిదో వంతుకొకసారి మారుతుంది. అందులోంచి 42 జల్లెడ పట్టి 0, 2, 8, 10, 32, 34, 40, 42 మాత్రమే వదులుతుంది. 8కీ 10కీ ఉన్న నిష్పత్తి షడ్జానికీ అంతర గాంధారానికీ ఉన్నదే. అందుకే ఆ గోలలో పాటలాంటిది వినిపిస్తుంది. 42 తీసి 43 పెట్టండి, వేరే లోకం.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. దొరికింది వినడం సులువు, మనసులో ఉన్నది రాబట్టడం మహా కష్టం. రాత్రంతా అంకెలు మార్చుకుంటూ కూర్చోవచ్చు, పొద్దున్నకి చేతిలో ఒక్క పల్లవీ ఉండదు. కావాల్సిన స్వరాలే కావాలంటే వాటిని వరుసగా రాసి ఇవ్వాలి. మోహన స్వరాలు 24, 27, 30, 36, 40 నిష్పత్తిలో చక్కగా కూర్చుంటాయి కాబట్టి నేను ఇలా వేస్తాను:

టి*[24,27,30,36,40,48,40,36][టి>>12&7]/6

మొదటి బ్రాకెట్లో స్వరాల పట్టిక, రెండోది అందులో ఇప్పుడు ఏది మోగాలో ఎంచుతుంది. స్వరానికి అర సెకను. శ్రుతి అంత శుద్ధంగా కీబోర్డులో కూడా రాదు. గమకం మాత్రం అడగొద్దు. స్వరం నుంచి స్వరానికి దూకడమే, జారడం కోసం ఇంకో లెక్క కట్టబోతే ఫార్ములా చేంతాడంత అవుతుంది. ఎనిమిది అక్షరాల ఆది తాళానికి 0 నుంచి 7 దాకా తిరిగే &7 సరిపోతుంది. ఏడు అక్షరాల మిశ్ర చాపుకి, ఏడుతో భాగించగా మిగిలే శేషం వచ్చేలా, (టి>>12)%7 అని బ్రాకెట్లతోనే రాయాలి, లేదంటే ముందు 12%7 లెక్కేసి అది టి>>5 అయిపోతుంది. ఏడు స్వరాల పట్టిక రెప్పపాటులో దాటిపోయి, ఆ తర్వాత నిశ్శబ్దం. ఎందుకు ఆగిందో చెప్పేవాడుండడు.

రెండు గొంతులు కలపాలంటే ఒక్కోదానికీ &127 పెట్టి కూడండి, మొత్తం 255 దాటదు. పై మోహన వరుసకి అలా పెట్టి (టి*2&127) కలిపితే కింది స్థాయిలో తంబూరా లాంటి ఆధారం వస్తుంది.

ఇక ధ్వని. 8000 రేటులో పై స్వరాలు గరగరలాడతాయి. కొందరు అదే అందం అంటారు, నాకు మాత్రం అరగంటకి తలనొప్పి. రేటు 48000కి పెంచితే శుభ్రపడుతుంది కానీ పాట ఆరు రెట్లు వేగంగా, ఆరు రెట్లు కీచుగా పరిగెడుతుంది. టి ఉన్న ప్రతిచోటా టి/6 రాయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కొత్త ఫార్ములా వేసేటప్పుడు వాల్యూమ్ బాగా తగ్గించుకోండి. ఒక్క గుర్తు మారినా చెవులు చిల్లులు పడే మోత రావచ్చు, ముందు తెలిసే దారి లేదు.