బుధవారం ఒకటి కొంటే ఒకటి, 'టార్' సినిమా

ఇంగ్లండులో ఉండే మనవాళ్ళలో చాలామందికి మీర్‌క్యాట్ మూవీస్ సంగతి తెలిసే ఉంటుంది. ఇన్సూరెన్సు రేట్లు పోల్చి చూపించే కంపేర్ ద మార్కెట్ వెబ్‌సైటు ద్వారా కారు ఇన్సూరెన్సు లాంటిది తీసుకుంటే, ఏడాది పాటు మంగళవారమో బుధవారమో ఒక టికెట్టు కొంటే రెండోది ఉచితం. వారానికి ఒక్కసారే. ఆరెంజ్ ఫోన్ కంపెనీవాళ్ళ ఇలాంటి బుధవారం ఆఫరు, ఆరెంజ్ వెన్స్‌డేస్, 2015లో ఆగిపోయాక ఇది మొదలైంది. మేం కొన్నేళ్ళుగా వాడుతున్నాం.

డబ్బులు మిగులుతాయి, నిజమే. నాకు అంతకంటే నచ్చింది ఏంటంటే, పూర్తి రేటు పెట్టాలంటే వెనకాడే సినిమాలకు కూడా ధైర్యంగా వెళ్తాం. 2023 జనవరిలో 'టార్' అలాగే చూశాం. బెర్లిన్‌లో ఒక ఆర్కెస్ట్రాకి కండక్టరుగా, అంటే ముందు నిలబడి వాద్యబృందాన్ని నడిపించే మనిషిగా, కేట్ బ్లాంచెట్, నిడివి రెండున్నర గంటల పైనే. మా ఆవిడ చిన్నప్పుడు వర్ణాల దాకా సంగీతం నేర్చుకుంది కాబట్టి తనే పట్టుబట్టింది.

హాయిగా పాటకచేరీ విన్నట్టు ఉంటుందనుకుంటే మాత్రం నిరాశే. మాలర్ అనే స్వరకర్త ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన, ఐదో సింఫనీ, దాని రిహార్సల్సే ఎక్కువ. వాద్యాలన్నీ ఊపందుకునే సరికి ఆ కండక్టరు ఆపేసి ఏదో సరిదిద్దుతుంది. "ఒక్క కీర్తన కూడా పూర్తిగా పాడనివ్వదేం!" అని మా ఆవిడ సణుగుడు. కానీ చెలో (వయొలిన్ లాంటిదే, పెద్దది, కూర్చుని వాయిస్తారు) వాయించే అమ్మాయి వచ్చాక తను కూడా నిటారుగా కూర్చుంది. ఆ పాత్ర వేసిన సోఫీ కావర్ నిజంగానే చెలో కళాకారిణి. ఆర్కెస్ట్రా తోడుగా చెలో ముందుండి నడిచే ఎల్గర్ రచన, చెలో కాన్చెర్టోలో వేళ్ళూ, కమానూ, వినిపించే స్వరమూ ఒక్కటిగా నడుస్తాయి. వీణ ఒళ్ళో పెట్టుకుని తీగలు నిమిరే హీరోయిన్లను చూసిన కళ్ళకి పండగే.

ఈ సినిమాకి హాలు ఎందుకంటే, చిన్న చిన్న చప్పుళ్ళ కోసం. అర్ధరాత్రి ఇంట్లో ఎక్కడో మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్కుమనే యంత్రం) టిక్ టిక్‌మంటుంది, ఆ కండక్టరు లేచి వెతుక్కుంటూ వెళ్తుంది. ఇంట్లో టీవీలో అయితే కుక్కర్ విజిల్‌కే అది పోతుంది. వారం మధ్యలో జనం తక్కువ, పాప్‌కార్న్ గలగలలూ తక్కువే.

ఈ ఆఫరు కొత్తగా తీసుకునేవాళ్ళకి ఒక మాట: ఒపేరా లైవ్ ప్రసారాల్లాంటి ప్రత్యేక షోలకి ఈ ఆఫరు కోడ్ మామూలుగా పనిచేయదు. ఇద్దరూ ఒకే సినిమాకి, ఒకే షోకి వెళ్ళాలి. టికెట్టు వస్తుంది కదా అని ఇన్సూరెన్సుకి పాతిక పౌండ్లు ఎక్కువ కట్టేయకండి, ముందు పాలసీ రేటు చూసుకోండి.